ప్రారంభోత్సవానికి ముందు

ఒక కార్యాలయం ఎప్పుడు పుడుతుంది? గోడకు పలక బిగించినప్పుడా, లోపల ఒక మనిషి కుర్చీలో కూర్చున్నప్పుడా, బయటినుంచి మరో మనిషి వచ్చి తలుపు తట్టినప్పుడా?

ఉప కాన్సుల్ ఈ ప్రశ్న వేసుకున్నది చదువుకునే గదిలో కాదు. వీధిలో, నిచ్చెన కాళ్ళు పట్టుకుని నిలబడి. నిచ్చెన మీద వడ్రంగి గోడకు రంధ్రాలు వేస్తున్నాడు. ఎర్రటి ఇటుక పొడి ఉప కాన్సుల్ కోటు భుజాల మీద సన్నగా రాలుతోంది. దులుపుకోవాలంటే నిచ్చెన వదలాలి. అతను వదలలేదు. ఇత్తడి పలక ఇంకా నేలమీదే దుప్పటిలో చుట్టి ఉంది. దానిమీద తన దేశపు చిహ్నం, చిహ్నం కింద ‘కాన్సులేట్’ అన్న మాట రెండు భాషల్లో. ఉద్యోగంలో చేరిన నాటినుంచి అతను పనిచేసినవన్నీ ఎవరో ఎప్పుడో తెరిచిన కార్యాలయాలు. పాత కుర్చీలు, పాత సిరా మరకలు, తనకు సంబంధం లేని పాత కోపాలు. ఇది మాత్రం అతని కళ్ళముందు పుడుతోంది. వారం రోజులుగా అతను కొత్త చొక్కా తొడుక్కోబోయే పిల్లవాడిలా తెల్లవారకముందే లేచి కూర్చుంటున్నాడు.

"సార్, ఎడమ రంధ్రం వేలెడు దిగింది," అని రోడ్డు అవతలినుంచి కేక వేశాడు ప్రోటోకాల్ బాబాయి.

బాబాయి అసలు హోదా సీనియర్ సహాయకుడు. ఎవరు ముందు నడవాలి, ఎవరు ఏ చేత్తో కత్తెర అందుకోవాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే యుద్ధాలు రావు అన్నవి చూసుకుంటూ దేశదేశాల్లో జుట్టు నెరిపించుకున్నవాడు. రాయబారుల మొదలు డ్రైవర్ల దాకా అందరికీ అతను బాబాయే.

"ఇప్పుడా చెప్పడం బాబాయ్? రంధ్రం వేసేశాడుగా."

"వేశాకే కదండీ దిగిందని తెలిసేది."

నిజానికి ఈపాటికి కార్యాలయం పనిచేస్తూ ఉండవలసింది. సోమవారం మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలని, ఆ పూటనుంచే పని మొదలుకావాలని నిర్ణయం. మంత్రిగారికి వేరే దేశంలో వేరే రిబ్బను తగిలింది. ప్రారంభోత్సవం వచ్చే బుధవారానికి వాయిదా పడింది. మంత్రిగారి వెంట వచ్చి పెద్ద కుర్చీలో కూర్చోవలసిన కాన్సుల్ జనరల్ కూడా అక్కడే ఆగిపోయారు. అంతవరకు తాళంచెవులు, ముద్రలు, బాధ్యత ఉప కాన్సుల్‌వి. తలుపుకు బాబాయి ‘త్వరలో’ అని ఒక కాగితం అంటించాడు.

ఆ ఒక్క మాట ముందు ఆగి చూసేవాళ్ళకు లెక్కలేదు. రేవులో, ఆసుపత్రుల్లో, గిడ్డంగుల్లో పనిచేసే తన దేశస్థులు పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగుతున్నారు. ఇన్నాళ్ళూ చిన్న సంతకానికైనా రాజధానిలో ఉన్న రాయబార కార్యాలయానికి రైలెక్కి పోవలసివచ్చినవాళ్ళు వాళ్ళు. సెలవు పెట్టాలి, జీతం కోత, తీరా వెళితే ఒక కాగితం తక్కువ. ఆ మంగళవారం పొద్దున ఒక నర్సు పసిబిడ్డను ఎత్తుకుని వచ్చి, దుప్పటి తొలగించమని అడిగి, పలక పక్కన కూర్చుని ఫోటో తీయించుకుంది.

"మావాడు మీ ఆఫీసు కంటే నెల పెద్ద సార్. వీడికి పాస్‌పోర్టు మీ చేత్తోనే రావాలి. వాళ్ళ అమ్మమ్మ అక్కడ ఉయ్యాల కట్టుకుని కూర్చుంది."

"బుధవారం రండమ్మా," అన్నాడు ఉప కాన్సుల్ నిచ్చెన దగ్గరనుంచే. చెప్పడం ఎంత హాయిగా ఉందో అతనికే ఆశ్చర్యమేసింది.

ఇంకొకామె వచ్చింది మధ్యాహ్నం. పలక బిగించడం అప్పుడే అయింది. వడ్రంగి పనిముట్లు సర్దుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, బిగించి కట్టిన జుట్టు, కుడి అరచేతిలో కాయ కాచిన గట్టి చర్మం. రేవులో సరుకుల మీద కప్పే టార్పాలిన్లు కుడుతుందని, ఊళ్ళోవాళ్ళందరికీ టార్పాలిన్ అక్క అని బాబాయి చెవిలో చెప్పాడు. ఆమె వెనక ఒక భారీ మనిషి, చేతులు పొట్టయిన కోటు వేసుకుని, టోపీ తీసి గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు.

"తెరిచారా?" అంది ఆమె.

"ఇంకా లేదమ్మా. బుధవారం."

"రేపా?"

"వచ్చే బుధవారం."

"ఈ శుక్రవారం నా పెళ్ళండి."

సిగ్గుపడలేదు, గొంతు పెంచలేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది. కాని ఆ మాట పెదవి దాటుతుండగా ముఖమంతా వెలిగి, మళ్ళీ మామూలయింది. వెనక ఉన్న మనిషి కూడా తల ఊపి, ఆమె భాషలో నేర్చుకున్న మాటల్లో తనకు బాగా వచ్చినదాన్ని అందించాడు: "పెళ్ళి. నాది కూడా."

ఆమె చెప్పింది చెప్పినట్టు వింటే సంగతి సులువుగానే ఉంది. ఆ మనిషి ఈ దేశంవాడు, సరుకుల ఓడలో వంటవాడు. ఇక్కడి చట్టం ప్రకారం పరాయి దేశపు మనిషిని పెళ్ళాడాలంటే, ఆ మనిషికి పెళ్ళికి అడ్డంకులేమీ లేవని ఆ దేశమే పత్రం ఇవ్వాలి. అందుకోసం ఆమె ఎప్పుడో రాయబార కార్యాలయంలో దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలు ఉంటే చెప్పమని అక్కడి బోర్డుకు నోటీసు అంటించారు. గడువు తీరింది, ఎవరూ ఏమీ అనలేదు. పత్రం చేతికి రావడమే తరువాయి.

"సోమవారం రమ్మన్నారు, వెళ్ళాను. ఇవాళ్టినుంచి మీ ఊరు మా పరిధిలో లేదు, మీరంతా కొత్త కాన్సులేటు కిందికి పోయారు, మీ కాగితాలు కూడా అక్కడికే పంపేశాం అన్నారు. నేను నమ్మకపోతే గోడమీద పటం చూపించారు. మా ఊరికి రంగు మార్చేశారండి."

"పచ్చ," అన్నాడు ఓడ వంటాయన విచారంగా.

"శనివారం తెల్లవారగానే ఈయన ఓడ వెళ్ళిపోతుంది. పెళ్ళయిన భార్యకైతే కంపెనీ కేబిన్ ఇస్తుంది. కాబోయే భార్యకి ఇవ్వదు. ఇన్నేళ్ళూ ఓడలమీద కప్పేవి కుట్టానుగాని ఓడ ఎక్కింది లేదు. సామాను సర్దుకున్నాను, గది ఖాళీ చేస్తానని చెప్పేశాను." ఆమె అరచేతిలోని కాయను బొటనవేలితో రుద్దుకుంది. "ఇప్పుడు తప్పితే మళ్ళీ ఓడ వచ్చేది ఏడాదికి. ఆగమంటే ఆగుతాను. ఆగడం చేతకాక కాదు. మహా బాగా చేతనవును, అదే తంటా."

ఉప కాన్సుల్‌కు ఏం జరిగిందో అప్పుడు అర్థమయింది. పరిధి మార్చే ఉత్తర్వు సోమవారంనుంచి అమలని నెలక్రితమే వెలువడింది. ఆ తర్వాత ప్రారంభోత్సవాన్ని వెనక్కి జరిపారు. జరిపినవాళ్ళలో ఎవరికీ ఉత్తర్వును కూడా జరపాలన్న సంగతి తోచలేదు. కాబట్టి ఈ ఊళ్ళో ఉన్న తన దేశస్థులందరూ నిన్నటినుంచి, ఇంకా తెరవని ఒక కార్యాలయానికి చెందినవాళ్ళు. ఆమె కాగితాలు లోపలి గదిలో, ఇనప్పెట్టె పక్కన, లక్క ముద్రలు వేసిన దౌత్య సంచిలో ఉన్నాయి. ఆమెకు గజాల దూరంలో.

"రేపటికి కనుక్కుంటాను," అన్నాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి బాబాయి నిట్టూర్చాడు. "కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగవంటారు. మనవాళ్ళు కల్యాణాన్ని ఆపారు సార్. ఇక రెండోదాన్ని మనం జాగ్రత్తగా చూసుకోవాలి."

*

బుధవారం పొద్దున్నే ఉప కాన్సుల్ రాజధానికి ఫోను చేశాడు. రాయబార కార్యాలయంలో ఈ వ్యవహారాలు చూసే కౌన్సెలర్‌కు అతనంటే అభిమానం. ఒకప్పుడు ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. కౌన్సెలర్ అంతా విన్నాడు. మధ్యలో టీ తాగుతున్న చప్పుడు వినిపించింది.

"ఉత్తర్వు వెనక్కి తీసుకోవడమా? అది ప్రధాన కార్యాలయం ఇచ్చింది. ఒక్కొక్కరి సంతకమూ తిరిగి వచ్చేసరికి నీ పెళ్ళికూతురికి షష్టిపూర్తి అవుతుందయ్యా."

"పోనీ కాగితాలు తిప్పి పంపిస్తే మీరు ఇవ్వగలరా?"

"మా పరిధిలో లేని మనిషికి మేమెలా ఇస్తాం? అది తప్పు."

"అయితే నేనే ఇవ్వనా?"

అవతల కప్పు సాసరులో దిగింది.

"చూడు. నువ్వు అడిగితే నేను వద్దనాలి. కాగితం మీద అడిగితే కాగితం మీద వద్దనాలి. కాబట్టి నువ్వు అడగలేదు, నేను వినలేదు. ఏదైనా చేస్తే చప్పుడు కాకుండా చెయ్యి. మంత్రిగారి కంటే ముందు తలుపు తీశావన్న మాట మాత్రం నా చెవిన పడకూడదు."

"పడితే?"

"ప్రధాన కార్యాలయంలో పెద్ద పటం ఉంది కదా, మన కార్యాలయాలన్నిటికీ గుండుసూదులు గుచ్చి? అందులో అన్నిటికంటే పైన, మూలన ఒక సూది ఉంటుంది. ఎప్పుడైనా చూశావా? అక్కడ చలి బాగా ఎక్కువట. మనుషులు కూడా లేరు, మాట్లాడుకోవడానికి." కౌన్సెలర్ నవ్వాడు. ఆ నవ్వులో బెదిరింపు లేదు. తెలిసినవాడు తెలియనివాడికి దారిలో గుంత ఉందని చెప్పే దయ ఉంది.

ఫోను పెట్టేసి ఉప కాన్సుల్ బాబాయిని పిలిచాడు. బాబాయి అప్పుడే కొత్త కుర్చీల కాళ్ళకున్న ప్లాస్టిక్ సంచులు విప్పుతున్నాడు. ఒక సంచి అతని చొక్కా గుండీకి తగులుకుని వేలాడుతోంది.

"బాబాయ్, రూలు ప్రకారం మనం పని మొదలుపెట్టడానికి ఇంకా ఏం కావాలి?"

"రూలు ప్రకారమా? ఇక్కడి ప్రభుత్వం అంగీకారపత్రం ఇచ్చేసింది. మీ నమూనా సంతకం, ముద్ర గుర్తు ఊళ్ళో అన్ని కార్యాలయాలకూ అందాయి, పెళ్ళిళ్ళ రిజిస్ట్రారుతో సహా. రూలు ప్రకారం మనం పుట్టేశాం సార్. బారసాలే మిగిలింది."

"మరి అడ్డేమిటి?"

"రివాజు. ప్రారంభోత్సవానికి ముందు తలుపు తీసిన కార్యాలయం నా సర్వీసులో లేదు. రూలుకైతే మినహాయింపు ఉంటుంది. రివాజుకి ఏముంటుంది చెప్పండి, ముఖం చిట్లించడం తప్ప?"

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనైతే ఉప కాన్సుల్‌ని కాకుండా జాగ్రత్తపడతాను. పడ్డాను కూడా."

ఆ రోజంతా ఉప కాన్సుల్ పనుల్లో మునిగాడు. ఎత్తు చూసి కౌంటరు బిగింపజేశాడు. అద్దంలో మాట్లాడే కన్నం కూర్చున్న తన గడ్డం దగ్గరికి వచ్చిందని, బయట నిలబడ్డవాళ్ళు వంగితే తప్ప గొంతు వినిపించదని చూసి, ఊడదీయించి పైకి జరిపించాడు. చేతులు పనిచేస్తుంటే బుర్ర ఒక్కచోటే తిరిగింది. దేశదేశాల్లో పరచిన ఈ కార్యాలయాలను ఒక వల అంటూంటారు. తను కూడా శిక్షణలో ఆ మాట ఎంతో గర్వంగా రాశాడు. ఏ వలలోనైనా దారం కంటే సందే ఎక్కువ అని అప్పుడు తోచలేదు. ఇక్కడ ఒక మనిషి సందులో పడింది. ఏ దారమూ తెగలేదు. ప్రతి ఉద్యోగీ తన పని సక్రమంగానే చేశాడు. తప్పు చేసినవాడు దొరకని చోట తప్పును సరిదిద్దవలసినవాడు ఎవరు? అక్కడ నిలబడి చూస్తున్నవాడా?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య వంటగదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని పాత వార్తాపత్రికల్లో చుట్టిన గ్లాసులు ఒక్కొక్కటే విప్పుతోంది. పెళ్ళయిన తర్వాత ఇలా పెట్టెలు విప్పడం ఎన్నోసారో వాళ్ళు లెక్కపెట్టడం మానేశారు. ఈ ఇంటికి మాత్రం ఎండ వచ్చే కిటికీ ఉంది. ఆమె వచ్చిన రోజే ఆ కిటికీ కింద కుర్చీ వేసుకుంది.

అతను అంతా చెప్పాడు. మూలనున్న గుండుసూది గురించి కూడా.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?" అంది ఆమె. "ఇంతకీ ఇక్కడ పూజారి ఎవరు? కౌన్సెలర్ గారా, మీరా?"

"అదే తెలియడం లేదు."

"తెలియకపోతే తెలుసుకుందురుగాని. ముందు నాకొకటి చెప్పండి. ఇంకా సగం పెట్టెలున్నాయి. విప్పమంటారా, ఉంచమంటారా?"

 ఆమె చేతిలోని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, పగుళ్ళు లేవని నిర్ధారించుకుని, అరలో పెట్టింది.

*

గురువారం అతను ఒక దారి కనిపెట్టాడు. కౌన్సెలర్ మాటల్లోనే ఆ దారి ఉందని, తనకు అర్థంకావడానికే ఒక పూట పట్టిందని అనుకున్నాడు. చప్పుడు కాకుండా. తలుపు మూసే ఉంటుంది, పత్రం మాత్రం ఆమె చేతికి చేరుతుంది. మంత్రిగారి రిబ్బను భద్రం, ఆమె ఓడా భద్రం. ఈ ఆలోచన రాగానే గుండె తేలికయింది. ట్రాము కోసం ఆగలేకపోయాడు; రేవుదాకా నడిచే వెళ్ళాడు, దాదాపు పరుగుగా.

షెడ్డు పొడుగ్గా, ఒకవైపు గోడ లేకుండా నీళ్ళవైపుకు తెరుచుకుని ఉంది. నేలమీద ఒక పెద్ద టార్పాలిన్ పరిచి ఉంది, దాని నాలుగంచుల వెంట ఆడవాళ్ళు మోకాళ్ళమీద కూర్చుని కుడుతున్నారు. మైనం వాసన. ఎక్కడో ఇత్తడి రింగులు సుత్తితో కొడుతున్న మోత.

"అక్కా, నీకోసం ఇంకో పెళ్ళికొడుకు వచ్చాడు," అని ఒకామె కేక వేసింది. "ఈయన కోటు చేతులు సరిపోయాయి."

"మొదటాయనకి వంట వచ్చు. ఈయనకేం వచ్చో అడుగు," అంది ఇంకొకామె.

నవ్వులు షెడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాయి. ఉప కాన్సుల్ టార్పాలిన్ తొక్కకుండా గోడవారగా నడిచి టార్పాలిన్ అక్క దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె కుడి అరచేతికి తోలు తొడుగు ఉంది, దానిలో ఒక లోహపు బిళ్ళ. అంచును రెండుసార్లు మడిచి, లావుపాటి సూదిని గుచ్చి, బిళ్ళతో వెనకనుంచి ఒత్తి, దారాన్ని చెయ్యి బారెడు లాగి బిగించింది. మూల దగ్గరికి రాగానే మరో ముక్క అడుగున వేసింది.

"ఇది పూర్తయితే నా పని అయిపోయినట్టే. గాలి పట్టి లాగేది మూలల్లోనే. అందుకని అవి నాకే వదిలేస్తారు," అంది చూపు ఎత్తకుండా. "చెప్పండి. ఏమన్నారు?"

"ఇవాళ సాయంత్రం చీకటి పడ్డాక వెనక సందులోనుంచి రండి. అక్కడ చిన్న తలుపు ఉంది, బాబాయి ఉంటారు. పత్రం సిద్ధంగా ఉంటుంది."

సూది ఆగింది. ఆమె తల ఎత్తి చూసింది. ముఖం మొన్న వెలిగినట్టే వెలిగింది, ఈసారి అలాగే నిలిచింది. అతనికి తన ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క చూపుకోసమే చేశాననిపించింది.

"ఒక్కటే మాట," అన్నాడు. "ఇది బుధవారందాకా ఎవరికీ చెప్పకండి. ఎక్కడ ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏమీ."

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ."

ఆమె సూదిని తిరిగి గుచ్చింది. కాని ఒత్తలేదు.

"బిడ్డను ఎత్తుకుని వస్తుందే, ఆ నర్సు. ఆ పిల్ల అడిగితే?"

"బుధవారం వరకు ఆగమనండి."

"నాకు ఆగక్కర్లేదు, తనకి ఆగాలి."

"మీకు ఓడ ఉంది."

"తనకి తల్లి ఉంది, అవతల." ఆమె దారం కొసను వేళ్ళమధ్య నలిపింది. చుట్టుపక్కలవాళ్ళు మాటలు ఆపేశారు. సుత్తి మోత ఒక్కటే వినిపిస్తోంది. "నేను చదువుకున్నదాన్ని కాను, తప్పయితే తప్పనండి. పెళ్ళంటే నలుగురికీ చెప్పి చేసుకునేది కదా. మాకిద్దరికీ అడ్డేమీ లేదని నలుగురి ముందూ అనుకోవడమే కదా పెళ్ళి. ఆ మాట చెప్పడానికి నా దేశానికి చీకటి పడాలా? వెనక సందు కావాలా? నేనేమన్నా లేచిపోతున్నానా?"

"అలా కాదమ్మా..."

"లేచిపోవాలంటే మీ కాగితమే అక్కర్లేదండి. ఎప్పుడో పోయేదాన్ని."

ఎవరో నవ్వబోయి మానేశారు.

"కాగితం లేకపోతే శనివారం ఓడ వెళ్ళిపోతుంది," అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"తెలుసు." ఆమె సూదిని ఒత్తింది. కుట్టు వంకరగా పడింది. చూసుకుని, విప్పి, మళ్ళీ వేసింది. మళ్ళీ వంకరపోయింది. ఈసారి విప్పలేదు, అరచెయ్యి దానిమీద పెట్టి మూసింది. "మీరు మంచికే చెప్పారు. ఆ మాత్రం నాకూ తెలుసు. రేపు పొద్దున్నే వస్తాను. ముందు తలుపు దగ్గర నిలబడతాను. తీస్తే తీశారు."

తిరిగి నడుస్తుంటే అతనికి రేవు వంతెన మీద గాలి ఎదురు కొట్టింది. అవమానం లాంటిదేదో లోపల మెదులుతోంది, కాని అది అవమానం కాదు. తను ఇవ్వజూపింది దయ అనుకున్నాడు. ఆమెకు రావలసినదాన్ని చాటుగా ఇవ్వబోయి దాన్ని భిక్షగా మార్చాడు. హక్కు పట్టపగలు చేతికి అందాలి. చీకట్లో అందినది అదే కాగితమైనా, అదే ముద్ర అయినా, వేరే వస్తువు. ఇంత చిన్న సంగతి తనకు తెలియక కాదు. తెలిసి, దానికి పక్కగా ఒక చిన్న తలుపు వెతుక్కున్నాడు. ఆ తలుపు ఆమె కోసం కాదు, తన కోసం.

అది తేలిపోయిన తర్వాత, వింతగా, అతనికి భయం వేయలేదు. ఉదయంనుంచీ ఉన్న ఉత్సాహం కంటే పెద్ద ఉత్సాహం, పరీక్ష గదిలో ప్రశ్నపత్రం తిప్పి చూసినప్పటి లాంటిది, కలిగింది. మిగిలిన వంతెనను పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ దాటాడు.

*

శుక్రవారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ మిగతా పెట్టెలు విప్పకు," అన్నాడు.

భార్య తలతిప్పి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"సరే. టీ కప్పులు మాత్రం విప్పేశాను. అవి ఎక్కడికి పోయినా కావాలి." తర్వాత దగ్గరికి వచ్చి కాలరు సరిచేసింది. "అక్కడ అంత చలి అంటున్నారుగా. మీ కోటు మార్చాలి, దీని భుజాలనిండా ఇటుక పొడే."

వీధి మలుపు తిరగగానే మనుషులు కనిపించారు. ఇద్దరో ముగ్గురో అనుకున్నాడు, కాలిబాట నిండిపోయింది. టార్పాలిన్ షెడ్డు ఆడవాళ్ళందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. వాళ్ళు నిలదీయడానికి రాలేదు, పెళ్ళికూతురి వెంట వచ్చారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన నర్సు బిడ్డను భుజాన వేసుకుని ఉంది. ఓడ వంటాయన తన తోటి నావికులను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళకు భాష తెలియకపోయినా సంగతి తెలుసని ముఖాలు చెబుతున్నాయి. టార్పాలిన్ అక్క నీలం బట్టల్లో, చెప్పినట్టే ముందు తలుపు దగ్గర నిలబడింది. అతన్ని చూసి నమస్కారం పెట్టింది. 

అతను వెనక సందులోనుంచి లోపలికి వెళ్ళాడు. ఇలా వెళ్ళడం ఇదే ఆఖరు అనుకున్నాడు.

బాబాయి అప్పటికే వచ్చి, కౌంటరు అద్దం తుడుస్తున్నాడు.

"బయట చూశారా సార్? నేను చెప్పినా వినలేదు, వెళ్ళమంటే నవ్వుతున్నారు. ఒకామె నన్ను పెళ్ళికి పిలిచింది కూడాను."

"కూర్చోండి బాబాయ్. ప్రధాన కార్యాలయానికి ఒక సందేశం పంపాలి."

అతను కంప్యూటరు ముందు కూర్చుని సరిగ్గా రెండు వాక్యాలు రాశాడు. ఈ ఉదయంనుంచి కార్యాలయాన్ని ప్రజలకు తెరిచాను. మంత్రిగారి ప్రారంభోత్సవం అనుకున్న ప్రకారం బుధవారం జరుగుతుంది. కారణాలు రాయబోయి మానేశాడు. కారణాలు రాస్తే అనుమతి అడిగినట్టుంటుంది.

బాబాయి అతని భుజం మీదుగా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"కౌన్సెలర్ గారికి నకలు?"

"ఆయన చెవిన పడకూడదన్నారు. కంటపడితే ఏం చేస్తారో అనలేదు. పంపిద్దాం."

"నేను చెప్పవలసింది చెబుతాను సార్, తర్వాత మీ ఇష్టం. మీకింకా చాలా సర్వీసు ఉంది."

"చెప్పారుగా."

"చెప్పాను." బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని, జుట్టు దువ్వుకున్నాడు. "అయితే ఇక ప్రోటోకాల్. ఎవరు ముందు?"

"వరసలో ముందున్నవాళ్ళు ముందు."

"ఇంతకాలం ఆ ఒక్క పద్ధతి పాటించలేదండీ మనం. చూద్దాం."

ఉప కాన్సుల్ మీట నొక్కాడు. సందేశం వెళ్ళిపోయింది. ఒక్క క్షణం తెరమీద ఏమీ లేదు. ఫోను మోగుతుందేమోనని ఇద్దరూ దానివైపు చూశారు. మోగలేదు. ఇప్పుడప్పుడే మోగదు, అవతల ఇంకా ఎవరూ కుర్చీల్లోకి వచ్చి ఉండరు. వాళ్ళు వచ్చేలోగా జరగవలసింది జరగాలి.

అతను లోపలి గదిలోకి వెళ్ళి దౌత్య సంచి తాడు కత్తిరించాడు. లక్క ముక్కలు చిట్లి నేలమీద పడ్డాయి. ఆమె కాగితాలు పైనుంచి మూడో కట్టలో ఉన్నాయి. అభ్యంతరాల గడువు ముగిసిందని రాయబార కార్యాలయం రాసి సంతకం చేసిన ఆఖరి పుట కూడా ఉంది. ఇనప్పెట్టెలోనుంచి ముద్ర తీశాడు. అది ఇంకా కొత్త నూనె వాసన వేస్తోంది. సిరా దిండు మూత తీసి, చిత్తు కాగితం మీద ఒకసారి నొక్కి చూశాడు. చిహ్నం స్పష్టంగా పడింది.

తర్వాత ముందు హాల్లోకి వెళ్ళి తలుపు గొళ్ళెం తీశాడు. కొత్త తలుపు బిగుసుకుని ఉంది. భుజంతో నెట్టవలసి వచ్చింది. ‘త్వరలో’ అన్న కాగితం గాలికి రెపరెపలాడింది. ఎవరో నావికుడు సాయం చేద్దామనుకుని దాన్ని పీకేశాడు.

"ఒక్కొక్కరుగా రండి," అన్నాడు ఉప కాన్సుల్.

కాలిబాటంతా ఒక్కసారి మాట్లాడింది. టార్పాలిన్ అక్క గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"అమ్మాయ్, నువ్వు రా ముందు. బిడ్డకి నిద్రొస్తోంది."

"నీకు ఓడ ఉందక్కా," అంది నర్సు.

"పెళ్ళి మధ్యాహ్నం కదే. ఆ రిజిస్ట్రారు ఇంకా పళ్ళు కూడా తోముకుని ఉండడు."

"నువ్వు పోతావా, నన్ను తొయ్యమంటావా?"

బాబాయి దగ్గి, వరసలో మార్పులుండవని ప్రకటించి, ఆమెను చేత్తో దారి చూపి కౌంటరు దాకా తీసుకెళ్ళాడు. రాయబారి సతీమణులను తీసుకెళ్ళేటప్పుడు కూడా అతను అంత నిటారుగా నడిచి ఉండడు. నర్సు ఆ వెనకే నిలబడింది. ఆమె వెనక ఇంకా ఇంకా మనుషులు, హాలు నిండి గుమ్మం దాటి.

ఉప కాన్సుల్ అద్దం అవతల కూర్చుని పత్రం నింపాడు. తేదీ వేశాడు. స్థలం దగ్గర ఈ ఊరి పేరు మొదటిసారి రాశాడు. సంతకం చేశాడు. నమూనా కాగితం మీద పడినట్టే పడింది. ఇక అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ ప్రశ్న నిలబడి అడగాలి, దరఖాస్తుదారు నోటితో జవాబు చెప్పాలి. అతను లేచి నిలబడ్డాడు. హాలు సద్దుమణిగింది.

"మీ వివాహానికి ఎటువంటి అడ్డంకీ లేదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నారా?"

టార్పాలిన్ అక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత అతనివైపు సూటిగా చూసింది. పెదవి కొసన నవ్వు దాచుకోలేకపోయింది.

"నిన్నటిదాకా మీరొక్కరు ఉండేవారండి. ఇప్పుడు ఎవరూ లేరు."

లోపలి గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. బాబాయి అటు కదలబోతే ఉప కాన్సుల్ వద్దని తల ఊపాడు. కూర్చుని, ముద్రను సిరా దిండు మీద ఒత్తి, తన సంతకం పక్కన ఖాళీగా ఉన్న చోట సరిగ్గా ఆనించి, బలంగా నొక్కాడు.